పాపాయి జుట్టు రంగు

“పాపకి జుట్టు ఏ రంగులో ఉంటుందండీ?” అని డాక్టరు సుప్రియ అడిగింది.

“నలుపేనండి. అందరికీ ఉన్నట్టే,” అంది సత్యదుర్గ, ఏమాత్రం తడుముకోకుండా.

తడుముకోవలసిన అబద్ధం కాదది. రెండేళ్లుగా చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది. విశాఖపట్నంలో ఆ పెద్దాసుపత్రి మంచం మీద పడుకున్న పాపాయికి మూడేళ్లు నిండబోతున్నాయి. నున్నటి గుండు, దాని మీద ఎండి పొలుసులు కట్టిన గంధం, కళ్లకి కాటుక, కనుబొమలకి కాటుక. మంచానికి అటు పక్క పిల్ల పాదం పట్టుకుని తల్లి లక్ష్మీతులసి కూర్చుని ఉంది. ముందు రోజే కువైట్ నుంచి విమానం దిగింది. సత్యదుర్గ నిజం చెబితే చటుక్కున తలెత్తేది డాక్టరు కాదు, తులసి. అందుకే నలుపంది.

సత్యదుర్గ పాపాయికి మేనత్త. దిండి పక్క పల్లెలో వాళ్ల ఇల్లు. మొగుడు బుల్లిరాజు హౌస్‌బోటు నడుపుతాడు. ఆమె తమ్ముడు అయ్యప్ప కువైట్‌లో డ్రైవరు, తమ్ముడి పెళ్లామే ఈ తులసి. ఈ తులసి ఎవరయ్యా అంటే బుల్లిరాజుకి స్వయానా చెల్లెలు. ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికి తెచ్చుకున్న కుండమార్పిడి సంబంధాలు. అసలే మేనరికం, ఆపైన కుండమార్పిడి. “పిల్లనివ్వడానికి మేం గోదావరి దాటక్కర్లేదండి, వీధి దాటితే చాలు,” అని రెండిళ్లవాళ్లూ గొప్పగా చెప్పుకునేవారు. అందరికీ కలిపి ఒకటే ముసలమ్మ, పాపాయమ్మ. ఆవిడ పేరే ఈ పిల్లకి పెట్టుకున్నారు.

పిల్ల పాకడం మొదలుపెట్టకముందే తులసికి కువైట్‌లో పని కుదిరింది. పరాయివాళ్ల పిల్లల్ని ఆడించే పని. తన పిల్లని వదిన ఒళ్లో పెట్టి, వెళ్తూ వెళ్తూ ఒక్కమాటే అడిగింది. “ఈ జుట్టేంటి వదినా, మొక్కజొన్న పీచులా ఉంది?”

“పుట్టెంట్రుకలు అలాగే ఉంటాయే. అంతర్వేదిలో తీయించేస్తే నల్లగా వస్తాయి,” అంది సత్యదుర్గ.

తీయించారు. కొత్త జుట్టు మొలిచింది. ఒకరోజు పొద్దున్న పిల్లకి నలుగు పెడుతూ, ఎండ పడిన తల చూసి సత్యదుర్గ చేతిలోని చెంబు అలాగే పట్టుకుని ఉండిపోయింది. నలుపూ కాదు, ఎరుపూ కాదు. తోమి బోర్లించిన స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది.

అలాంటి తల ఆమె అంతకుముందు ఒకటే చూసింది. అది తన కొడుకుది. ఏడాది నిండకుండానే పోయాడు. పురిటికి వెళ్లిన పుట్టింట్లోనే పుట్టి, అక్కడే జ్వరంపడి, పొట్ట గట్టిపడి, రాజోలు తీసుకెళ్లేలోగానే అయిపోయాడు. అత్తవారింటి వాళ్లు చూసినప్పుడల్లా ఊలు టోపీలో ఉండేవాడు. వాణ్ణి టోపీ లేకుండా చూసిన పుట్టింటి పెద్దవాళ్లు ఇప్పుడు లేరు, అయ్యప్ప అప్పట్లో హాస్టల్లో ఉండేవాడు. తులసి అప్పటికి పలకాబలపం పిల్ల, ఆమెకేం గుర్తుంటుంది? బుల్లిరాజు ఆ రోజుల్లో కాకినాడలో వేటబోట్ల మీద పనికెళ్లి, ఒడ్డున ఉన్నదే తక్కువ. ఆ తర్వాత సత్యదుర్గకి మళ్లీ కడుపు పండలేదు. కొడుకు సంగతి ఎవరైనా ఎత్తితే “కామెర్లు” అని ఒక్క ముక్కలో తేల్చేసేది. ఆ జుట్టు సంగతి మాత్రం ఆమె లోపలే ఉండిపోయింది.

అందుకని పాపాయి తల చూసినప్పుడు ఆమెకి కలిగింది ఆశ్చర్యం కాదు, భయం. ఆ భయం చేయించిన పని చాలా తెలివితక్కువది. ఆ మధ్యాహ్నమే దొడ్లో పీట వేసుకుని, బుల్లిరాజు గడ్డం గీసుకునే బ్లేడుతో పిల్లకి గుండు చేసేసింది. జుట్టు కాలవలో కలిపేసి, గుండుకి గంధం రాసింది. తెల్లగా తేలిపోతున్న కనుబొమల మీద కాటుక దిద్దింది. పసిపిల్లకి కనుబొమలు దిద్దితే ఎవరు మాత్రం ఎందుకని అడుగుతారు? కంటికి కనబడకపోతే లేనట్టే అని ఆమె లెక్క.

ఆ సాయంత్రం ఫోన్లో తులసి అడిగితే, “నిగనిగలాడుతూ నల్లగా వచ్చిందే. కానీ వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నాను, మళ్లీ తీయించేసేను,” అంది. దేశంకాని దేశంలో కూర్చుని పిల్ల కోసం ఏడ్చే మనిషికి ఇంతకంటే ఏం చెబుతుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు అక్కడితో ఆగలేదు. వెంకన్న తర్వాత అప్పనపల్లి బాలబాలాజీ, ఆ తర్వాత ఊరి మారమ్మ. జుట్టు వేలికందేలోగా ఇంకో దేవుడు సిద్ధం.

“ఇంకా ఏ దేవుడు మిగిలేడే సత్యదుర్గా? ఉంటే చెప్పు, తోడు నేనూ వస్తాను,” అని పక్కింటి మహాలక్ష్మమ్మ వేళాకోళం చేసేది. సత్యదుర్గ కూడా నవ్వేది. నవ్వుతూనే పిల్ల తల మీద కొంగు కప్పేది.

వానాకాలంలో ముసురు పట్టిన రోజుల్లో పాపాయికి జ్వరం వచ్చింది. తగ్గింది, మళ్లీ వచ్చింది. రాజోల్లో టైఫాయిడ్ అన్నారు, అమలాపురంలో డెంగీ ఏమో చూద్దామన్నారు, కాకినాడలో రక్తం తగ్గిపోతోందన్నారు. ఒకరోజు పిల్లకి గౌను మారుస్తుంటే సత్యదుర్గ చేతికి డొక్క కింద గట్టిగా ఏదో తగిలింది. కొడుకు పొట్ట మీద చేయి పెట్టినప్పటి ఆ గట్టిదనమే. చేయి మరిచిపోలేదు. మంచం పట్టె పట్టుకుని నిలబడింది. అప్పుడైనా నోరు విప్పి ఉండవలసింది. విప్పలేదు. విశాఖపట్నం బయల్దేరే ముందు మళ్లీ గుండు చేసింది.

“జ్వరంలో ఉన్న పిల్లకి గుండేంటే?” అని బుల్లిరాజు కోప్పడ్డాడు.

“మొక్కుకున్నానండి,” అంది. దాంతో అతను నోరు మూసుకున్నాడు. మొక్కంటే ఆ ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు.

విశాఖపట్నంలో డాక్టరు సుప్రియ ఆ రోజు అడిగింది జుట్టు సంగతి ఒక్కటే కాదు. “మీ ఇళ్లల్లో ఇలా జ్వరంతో పోయిన పిల్లలెవరైనా ఉన్నారాండీ?” అని కూడా అడిగింది.

తులసి తలెత్తి, “మా వదినగారి బాబు పసితనంలోనే పోయేడండి. కామెర్లన్నారు,” అని వదిన వైపు చూసింది.

“ఆయ్, కామెర్లేనండి,” అంది సత్యదుర్గ.

ఒక అబద్ధానికి కాపలాగా ఇంకొకటి. డాక్టరు తలూపి వెళ్లిపోయింది. ఏదో వైరస్ తగిలి, శరీరం దాని మీద విరుచుకుపడబోయి తన రక్తాన్ని తనే తినేస్తోందని, మందు వేసి నాలుగు రోజులు చూస్తామని చెప్పారు. మందుకి జ్వరం కాస్త దిగింది. దిగేసరికి సత్యదుర్గకి ఊపిరి ఆడింది. చూశావా, జుట్టుకీ దీనికీ సంబంధమే లేదు అనుకుంది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో పిల్ల మొహం తుడిచి, ఎవరూ లేకుండా చూసి, మళ్లీ గంధం రాసి, కాటుక దిద్దేది. “వార్డులో కాటుకేంటమ్మా!” అని నర్సు కసిరితే, “దిష్టండి,” అనేది.

నాలుగో రోజు పొద్దున్న పాలు తాగించబోతుంటే పాపాయి కళ్లు పైకి తేలిపోయాయి. ఎడమ చేయి, ఎడమ కాలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తులసి కేక పెట్టింది. నర్సులు పరిగెత్తుకొచ్చి పిల్లని ఐసీయూలోకి తీసుకుపోయారు. చాలాసేపటికి డాక్టరు సుప్రియ బయటికి వచ్చింది. ఆమె మొహంలో మొదటిరోజు ధీమా లేదు.

“మెదడుకి పాకిందండి. ఫిట్స్ ఆపేం. వైరస్ ఒక్కటే కారణమైతే ఈపాటికి అదుపులోకి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపం ఏదో ఉందని అనుమానం. జన్యు పరీక్ష ఫలితం రావడానికి వారాలు పడుతుంది. పాపకి అంత టైము లేదు,” అంది.

ఆ చివరి మాట సత్యదుర్గ గుండెలో దిగింది. “నేనొకసారి లోపలికి రావచ్చాండీ?” అంది. ఎందుకని అడగబోయి, ఆమె మొహం చూసి డాక్టరు సరేనంది. తులసి కూడా వెనకాలే వచ్చింది.

మంచం మీద పాపాయి మగతలో ఉంది. సత్యదుర్గ పక్కనున్న నీళ్ల సీసాతో కొంగు చివర తడిపింది. వంగి, పిల్ల ఎడమ కనుబొమ మీద కొంగు పెట్టి తుడిచింది. నల్లటి మరక చెంప మీదికి జారింది. ఇంకోసారి తుడిచింది. కాటుక కింద నుంచి సన్నగా, వెండిదారంలా, తెల్లటి కనుబొమ బయటపడింది. రెండోదీ తుడిచింది.

“జుట్టు కూడా ఇదే రంగండి. మీకు అబద్ధం చెప్పేను. గుండు నేనే చేస్తన్నాను,” అంది.

డాక్టరు చిన్న పట్టకారుతో ఆ కనుబొమ వెంట్రుకలు రెండు మూడు పీకి, గాజుపలక మీద పెట్టుకుని గబగబా వెళ్లిపోయింది. మంచానికి చెరో పక్కా ఆడపడుచులిద్దరూ మిగిలారు.

“నల్లగా ఉందన్నావు కదా వదినా,” అంది తులసి మెల్లిగా.

సత్యదుర్గకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తులసి కేకలేసినా, చెంప పగలగొట్టినా బాగుండేది. పిల్ల చెంప మీదికి జారిన కాటుక మరక తుడవడం మొదలుపెట్టింది.

డాక్టరు తిరిగి వస్తూనే నర్సులకి కొత్త మందులు చెప్పింది. తర్వాత ముగ్గుర్నీ వరండాలో కూర్చోబెట్టుకుంది. బుల్లిరాజు బల్ల చివర అంటీ అంటనట్టు కూర్చున్నాడు.

“వెంట్రుకలో రంగు సమంగా లేదండి. ముద్దలు ముద్దలుగా ఉంది. రక్తంలో చూసినవీ దీనితో కలిపితే, ఏం జబ్బో దాదాపు తెలిసిపోయింది,” అని మొదలుపెట్టింది. “మన రక్తంలో కాపలా కణాలుంటాయి. రోగం పట్టిన కణం కనబడితే ఇవి దాన్ని ఆనుకుని నిలబడతాయి. వీటి లోపల విషం నింపిన చిన్న చిన్న సంచులుంటాయి. ఆ సంచులు అంచు దాకా వచ్చి, అక్కడ నిలదొక్కుకుని, ఆ విషాన్ని రోగపు కణం మీద కుమ్మరించాలి. అంచు దగ్గర వాటిని నిలబెట్టేది ఒక ప్రోటీను. రాబ్ ఇరవై ఏడు ఎ అని దాని పేరు.”

“పెద్దదాండీ?” అని అడిగాడు బుల్లిరాజు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

“చాలా చిన్నదండి. దారపు ఉండలా చుట్టుకుని ఉంటుంది. దాని తోకకి రెండు కొవ్వు పోగులుంటాయి, అవి సంచి పొరలో గుచ్చుకుని ఉంటాయి. ఉండకి ఒక పక్క చిన్న గుంట. ఆ గుంటలో జీటీపీ అని ఒక అణువు వచ్చి కూర్చుంటే, ఉండ బిగుసుకుని ఆకారం మారుతుంది. అలా మారితేనే అంచు దగ్గరున్న ఇంకో ప్రోటీనుతో పట్టు దొరుకుతుంది. కొందరు పిల్లల్లో ఆ గుంట సరిగ్గా ఉండదు, కొందరిలో అసలు ప్రోటీనే తయారవదు. ఎలాగైనా జరిగేది ఒకటే. సంచి అంచు దాకా వస్తుంది, నిలబడదు.”

“పడవ రేవుకొచ్చింది గానీ, కట్టడానికి తాడు లేదన్నమాట,” అన్నాడు బుల్లిరాజు.

“ఆయ్, అంతేనండి. సరుకు పడవలోనే ఉండిపోతుంది. రోగపు కణం చావదు. అది చావకపోతే కాపలావాళ్లు ఇంకా ఇంకా మందిని పిలుస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లు ఇంటినే పీకి పందిరేస్తారు. పాపకి జరుగుతున్నది అదే.”

“మరి జుట్టుకీ దానికీ ఏంటండీ?” అంది తులసి.

“జుట్టుకి రంగు పంపే కణాల్లోనూ ఆ పని చేసేది ఇదే ప్రోటీనమ్మా. అక్కడా సంచులు అంచు దగ్గర నిలబడవు, రంగు వెంట్రుకకి సరిగ్గా అందదు. లోపల జరుగుతున్నది పైకి కనబడేది ఆ జుట్టు ఒక్కటే. అందుకే ఇలాంటి పిల్లలు వచ్చినప్పుడల్లా మేం మొదట అదే అడుగుతాం.”

సత్యదుర్గ తల వంచుకుని తన చేతివేళ్లు చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా కాటుక ఉంది. పిల్ల ఒళ్లు తన కష్టం చెప్పుకోవడానికి ఉన్నది ఒకటే దారి. అది మొలిచినప్పుడల్లా ఆమే గొరిగి కాలవలో పారేసింది.

కొత్త మందులు పనిచేశాయి. జ్వరం విడిచింది, పొట్ట మెత్తబడింది, పాపాయి కళ్లు తెరిచి “అత్తా” అని పిలిచింది. తర్వాత వచ్చిన పరీక్ష కూడా డాక్టరు చెప్పిందే చెప్పింది. దగ్గర సంబంధాలు చేసుకున్న ఇళ్లల్లోనే ఇలాంటి లోపం ఎక్కువన్నారు. మందులతో ఇది సద్దుమణిగినా మళ్లీ వస్తుందని, అయ్యప్ప సెలవు దొరికి రాగానే అతని ఎముకల్లోని మూలుగ తీసి పాపకి ఎక్కించాలని, అది పడితే రక్తం బాగుపడుతుంది గానీ జుట్టు మాత్రం జీవితాంతం వెండిలాగే ఉంటుందని చెప్పారు. జుట్టు సంగతి విని తులసి, “ఉండనివ్వండి, దానికేం,” అంది. అంతా బాగానే ఉంది. ఎడమ చేయి ఒక్కటే లేవలేదు.

ఆసుపత్రి నుంచి బయల్దేరే రోజు సత్యదుర్గ డాక్టరుని ఒంటరిగా పట్టుకుంది. “మొదటిరోజే చెప్పుంటే ఆ చెయ్యి దక్కేదాండీ?”

“చెప్పలేనండి. మందు ముందు మొదలుపెట్టేవాళ్లం. అంతవరకే చెప్పగలను,” అంది సుప్రియ. ఆమె మొహం చూసి జాలి కలిగినట్టుంది. “మీరు తెలీక చేసేరు. మొక్కులు ఎవరు మొక్కుకోరు? మీరు ఆ రోజు కాటుక తుడవబట్టే పాప బతికింది.”

“ఆయ్,” అంది సత్యదుర్గ. తెలీక అన్న మాటని చేతులు చాచి పుచ్చుకుంది. పుచ్చుకున్నందుకు కారులో దారిపొడుగునా తనని తను తిట్టుకుంది.

గుండు సంగతి ఊళ్లోకి వాళ్లకంటే ముందే చేరింది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు డాక్టరు చెప్పినట్టు గుమ్మం బయటే, మూతికి గుడ్డలు కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. లోపల సావిట్లో చాప మీద సత్యదుర్గ ఒళ్లో పాపాయి ఉంది. మందులకి బుగ్గలు ఉబ్బి, తల మీద పలచగా వెండి నూగు. ఇప్పుడు దానికి గంధమూ లేదు, కొంగూ లేదు.

“ఎంత పని చేసేవే, దేవుళ్ల పేరు చెప్పి,” అంది మహాలక్ష్మమ్మ. ఎప్పటి వేళాకోళం కాదది, నిజంగానే నొచ్చుకుంది.

తులసి చప్పున అందుకుంది. “మా వదిన్నేమీ అనకండి అత్తయ్యగారూ. పాపం, తనకేం తెలుసండి? నేను బాధపడతానని నా దగ్గర దాచింది, అంతే. కన్నతల్లినై నేను కువైట్లో కూర్చుంటే ఈ పిల్లని పెంచింది తనే. తెలిసుంటే చేస్తుందాండీ?”

మహాలక్ష్మమ్మ మెత్తబడింది. “అదీ నిజమేలే. తెలిసి ఎవరు చేస్తారమ్మా!” అని లేచింది. తక్కినవాళ్లూ ఆమె వెనకే కదిలారు.

తులసి లోపలికి వచ్చి చాప మీద కూర్చుని, వదిన భుజం మీద చేయి వేసింది. “వాళ్ల మాటలు పట్టించుకోకు వదినా.”

సత్యదుర్గకి ఆ చేయి మోయలేనంత బరువనిపించింది. ఇలాగే నోరు మూసుకుని ఉంటే చాలు, ఈ చేయి ఎప్పటికీ భుజం మీదే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. పిల్లా దక్కింది, మర్యాదా దక్కింది. అలా బతకొచ్చు, కానీ ఆమె వల్ల కాలేదు.

“నాకు తెలుసు తులసీ,” అంది.

“ఏం తెలుసు?”

“మా బాబుది కూడా ఇదే జుట్టు. కామెర్లు కాదే వాడికి. ఇదే జ్వరం, ఇదే పొట్ట. పాపాయి తల చూసిన రోజే నాకు తెలిసిపోయింది. ఆసుపత్రికి వెళ్లేముందు దాని పొట్ట పట్టి చూసి కూడా గుండు చేసేను. డాక్టరుగారు అడిగితే నీ ఎదురుగా కామెర్లని చెప్పేను. తెలీక కాదమ్మా. తెలిసే చేసేను.”

తులసి చేయి భుజం మీది నుంచి జారింది. ఆమె వదిన మొహంలోకి చూసింది. తర్వాత లేచి, వంగి, సత్యదుర్గ ఒళ్లోంచి పాపాయిని ఎత్తుకుని గుమ్మం వైపు నడిచింది.

అమ్మ భుజం పాపాయికి ఇంకా అలవాటు కాలేదు. వెనక్కి తిరిగి “అత్తా, అత్తా” అని గుక్కపట్టి ఏడుస్తూ, ఎత్తుకోమని చేయి చాచింది. కుడి చేయి ఒక్కటే చాచింది. ఎడమది తల్లి వీపు మీద వేలాడుతూ ఉండిపోయింది.

సత్యదుర్గ చాప మీద నుంచి లేవలేదు.